34 ఏళ్లకే గర్భసంచి తీసేయాలంటున్నారు, అక్కకి ఏం చెప్పాలి?

పల్నాడు_చెల్లి
అందరికీ నమస్కారం. మా అక్క గురించి అడుగుతున్నాను. వయసు 34. ఇద్దరు పిల్లలు. రెండో కాన్పు కాగానే, 22 ఏళ్లకే కు.ని. (కుటుంబ నియంత్రణ) ఆపరేషన్ చేయించేశారు. ఏడాదిగా నెలసరి వస్తే ఎనిమిది తొమ్మిది రోజులైనా ఆగడం లేదు. గడ్డలు గడ్డలుగా పడుతోంది. మధ్యలో తెల్లబట్ట. ఈసారి మిరప కోతలకి వెళ్లి కళ్లు తిరిగి చేలోనే కూలబడిపోయింది.

ఊళ్లో ఆర్‌ఎంపీ టౌన్లో ఒక ప్రైవేటు ఆసుపత్రికి తీసుకెళ్లాడు. స్కానింగ్ తీసి, "గర్భసంచి వాచింది, పుండు పట్టింది, వదిలేస్తే క్యాన్సర్‌లోకి దిగుతుంది. పిల్లలు ఎటూ చాలనుకున్నారు కదా, తీసేస్తే పీడా పోతుంది" అన్నారట. వచ్చే గురువారం రమ్మన్నారు. బావ అప్పు కోసం తిరుగుతున్నాడు.

రిపోర్టులో ఉన్నది ఉన్నట్టు రాస్తున్నా: యుటరస్ బల్కీ, 9.8 × 5.6 × 5 సెం.మీ. ఎండోమెట్రియం 11 మి.మీ. కుడి ఓవరీలో 2.3 సెం.మీ. సిస్ట్. పీఓడీలో కొద్దిగా నీరు. వేరే కాగితంలో హిమోగ్లోబిన్ 8.2.

నేను బీకాం చదివాను, ఇందులో ఒక్క ముక్క అర్థం కాలేదు. అసలు లోపల ఏమేం ఉంటాయి, ఏది తీస్తారు, తీస్తే ఏమవుతుంది? తెలిసినవాళ్లు చెప్పండి, చాలా టెన్షన్‌గా ఉంది.

ఓపీ_సిస్టర్_వరంగల్
చెల్లీ, గురువారం వెళ్లొద్దు. ఆపరేషన్ అవసరమా కాదా అన్నది తర్వాతి మాట. రక్తం 8.2 మాత్రమే ఉన్న మనిషికి మందులేవీ వాడి చూడకుండా నేరుగా డేట్ ఇవ్వడం తొందరపాటు.

ఈలోగా గంటకో ప్యాడ్ తడిసిపోతున్నా, మళ్లీ కళ్లు తిరిగి పడిపోయినా మాత్రం క్షణం ఆగకుండా పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి.

మూడు సంగతులు కనుక్కుని చెప్పు. థైరాయిడ్ పరీక్ష చేశారా? తెల్లబట్టతో దురద, వాసన ఉన్నాయా? స్కానింగ్ నెలసరి మొదలైన ఎన్నో రోజున తీశారు?

పల్నాడు_చెల్లి
ఇప్పుడే ఫోన్ చేసి అడిగాను సిస్టర్. థైరాయిడ్ చేయలేదు. దురద బాగా ఉందట, తెల్లబట్ట విరిగిన పెరుగులా ముక్కలు ముక్కలుగా వస్తోందట. వాసన లేదంది. స్కానింగ్ 20వ రోజున తీశారు.

గోదారి_పిన్ని
అమ్మాయ్, నాకు 44లో తీశారు. గర్భసంచిలో ఫైబ్రాయిడ్ గడ్డలు పెరిగి పెరిగి ఐదో నెల కడుపులా కనబడేది. మందులు వాడారు, లోపలి పొర ముక్క తీసి పరీక్షకి పంపారు, ఏదీ పనిచేయకపోతే అప్పుడు చేశారు. తీయించుకున్నందుకు ఏ రోజూ బాధపడలేదు, నెలనెలా నరకం తప్పింది. కాబట్టి ఆపరేషన్ అనగానే పాపం అనుకోవద్దు. కానీ మీ అక్కకి ముందు చేయాల్సినవి ఒక్కటీ చేసినట్టు లేదు. నాకైతే అదే కోపంగా ఉంది.

బయాలజీ_టీచర్
చెల్లి అడిగిన "లోపల ఏమేం ఉంటాయి" అన్నదానికి నేను చెబుతాను. జెడ్‌పీ హైస్కూల్లో పాఠం చెబుతాను. ఈ పాఠం వచ్చినప్పుడు పేజీలు తిప్పేసే టీచర్లు ఇంకా ఉన్నారు. అలా దాటేసిన పాఠాలే తర్వాత ఆపరేషన్ బల్ల దగ్గర తేలుతున్నాయని నా బాధ.

పొత్తికడుపులో ముందు మూత్రాశయం, వెనక మలద్వారానికి వెళ్లే పెద్దపేగు చివరి భాగం, ఆ రెండింటి నడుమ గర్భసంచి. తలకిందులుగా పెట్టిన చిన్న జామకాయలా ఉంటుంది. పొడవు ఏడు ఎనిమిది సెంటీమీటర్లు, వెడల్పు ఐదు. గోడంతా మందపాటి కండరం. కాన్పులో బిడ్డను బయటికి నెట్టేదీ, నెలసరిలో నొప్పి పుట్టించేదీ ఈ కండరమే. ఆ గోడకి లోపలి వైపు మెత్తటి పొర ఉంటుంది. దాన్నే ఎండోమెట్రియం అంటారు. నెలనెలా పెరిగి, రాలిపోయేది ఇదొక్కటే.

గర్భసంచి కింది కొస సన్నబడి యోనిలోకి దిగుతుంది. అది గర్భాశయ ముఖద్వారం, డాక్టర్లు సర్విక్స్ అంటారు. పై మూలల నుంచి అటూ ఇటూ పది పన్నెండు సెంటీమీటర్ల సన్నటి ట్యూబులు ఉంటాయి. వాటి చివర వేళ్లలాంటి కుచ్చులు, ఆ కుచ్చుల పక్కన చెరొక అండాశయం (రిపోర్టులో ఓవరీ అన్నది ఇదే), సుమారు మూడు సెంటీమీటర్లు. అండాశయం గర్భసంచి లోపల ఉండదు, దానికి పక్కన విడిగా ఉంటుంది. ఇది గట్టిగా గుర్తు పెట్టుకో. గర్భసంచి తీయడం వేరు, అండాశయాలు తీయడం వేరు.

ఇంకొకటి. మూత్రం వచ్చే దారి వేరు, నెలసరి వచ్చే దారి వేరు. పిల్లల్ని కన్న ఆడవాళ్లు కూడా ఈ మాట విని ఆశ్చర్యపోవడం చూశాను.

ఇక నెల చక్రం. రక్తం కనబడిన మొదటి రోజే 1వ రోజు. మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి ఎఫ్‌ఎస్‌హెచ్ అనే హార్మోన్ పంపుతుంది. దానితో అండాశయంలో కొన్ని నీటి తిత్తులు పెరుగుతాయి. చివరికి ఒకటే ముందుకొస్తుంది, మిగతావి కరిగిపోతాయి. పెరుగుతున్న ఆ తిత్తి నుంచి ఈస్ట్రోజన్ అనే హార్మోన్ వస్తుంది, దానితో గర్భసంచి లోపలి పొర మందమవుతుంది. ఈస్ట్రోజన్ బాగా పెరిగాక పిట్యూటరీ నుంచే ఎల్‌హెచ్ అనే ఇంకో హార్మోన్ ఒక్కసారి ఎగదన్నుతుంది. ఆ తర్వాత ఒకటిన్నర రోజుకి తిత్తి పగిలి అండం బయటికొస్తుంది. అండం బతికేది ఒక్క రోజు, అంతకన్నా తక్కువే. పగిలిన తిత్తి పసుపు రంగుకి మారి ప్రొజెస్టెరాన్ తయారు చేస్తుంది. అది పొరని గర్భానికి సిద్ధం చేసి నిలబెడుతుంది. గర్భం రాకపోతే రెండు వారాల్లో తిత్తి ముడుచుకుపోతుంది, హార్మోన్లు పడిపోతాయి, పొరకి రక్తం తెచ్చే సన్నటి నాళాలు బిగుసుకుంటాయి, పొర రాలుతుంది. మళ్లీ 1వ రోజు.

అందుకే అది చెడు రక్తం కాదు. ఒంట్లో తిరిగే రక్తమే, దానితో పాటు రాలిన పొర, జిగురు. మామూలుగా ఒక నెలసరికి పోయేది 30, 40 మిల్లీలీటర్లు. 80 దాటితే ఎక్కువ అయినట్టు లెక్క. కొలిచి చూసుకోలేం కాబట్టి రూపాయి బిళ్ల కన్నా పెద్ద గడ్డలు, వారం దాటి ఆగకపోవడం, రాత్రి లేచి ప్యాడ్ మార్చుకోవాల్సి రావడం, రక్తహీనత, ఇవే దానికి గుర్తులు. మీ అక్కకి నిజంగానే ఎక్కువ అవుతోంది. అది ఊహ కాదు, దానికి వైద్యం కావాలి.

పల్నాడు_చెల్లి
మాస్టారూ, ఇంత వివరంగా ఇంతవరకు ఎవరూ చెప్పలేదు. ఒక్క అనుమానం. కు.ని. ఆపరేషన్ అయినవాళ్లకి ఆ అండం ఎటు పోతుంది? ఆ ఆపరేషన్ వల్లే రక్తం లోపల నిలవ ఉండి ఇలా అయిందని మా అమ్మ అంటోంది.

బయాలజీ_టీచర్
టీచరమ్మని తల్లీ, మాస్టారిని కాదు! ఆ ఆపరేషన్‌లో ముడివేసి కత్తిరించేది ట్యూబుల్ని మాత్రమే. అండాశయాలు ఎప్పట్లాగే పనిచేస్తాయి, అండం విడుదలవుతుంది, లోపలే కరిగిపోతుంది. రక్తం వచ్చేది గర్భసంచి పొర నుంచి, ట్యూబుల నుంచి కాదు. నిలవ ఉండడానికి అక్కడ ఏమీ లేదని అమ్మకి చెప్పు.

గైనిక్_పీజీ
రెండో సంవత్సరం గైనకాలజీ పీజీ చేస్తున్నాను. మనిషిని చూడకుండా వైద్యం చెప్పకూడదు, చెప్పను. రిపోర్టులో ఉన్న మాటలకి అర్థం మాత్రం చెబుతాను.

బల్కీ అంటే కాస్త పెద్దగా ఉంది అని, అంతే. అది జబ్బు పేరు కాదు. కాన్పులైన వాళ్లకి గర్భసంచి ప్రతి వైపూ ఒక సెంటీమీటరు దాకా పెద్దదిగానే ఉంటుంది, రెండు కాన్పులైన మనిషికి 9.8 చూసి భయపడాల్సింది లేదు. కొందరిలో లోపలి పొర కండరం గోడలోకి చొచ్చుకుపోవడం వల్ల కూడా పెద్దదవుతుంది. దాన్ని ఎడినోమయోసిస్ అంటారు. దానికీ మందులున్నాయి.

ఎండోమెట్రియం 11 మి.మీ. ఈ అంకె ఏ రోజు తీశారో తెలియకుండా చదవకూడదు. నెలసరి రోజుల్లో 2, 4 మధ్య ఉంటుంది, చివరి వారానికి 12, 14 దాకా వెళ్తుంది. 20వ రోజున 11 అంటే ఉండాల్సినంతే ఉంది.

2.3 సెం.మీ. సిస్ట్. టీచర్ గారు చెప్పిన తిత్తి ఉంది కదా, అండం విడుదలయ్యే ముందు అదే రెండు సెంటీమీటర్లకి పెరుగుతుంది. పగిలాక మిగిలినది కూడా స్కానింగ్‌లో సిస్ట్‌లాగే కనబడుతుంది. 20వ రోజున అది లేకపోతేనే నేను అండం విడుదలైందా అని ఆలోచిస్తాను. పీఓడీ అంటే గర్భసంచి వెనక ఉండే లోతైన చోటు. తిత్తి పగిలినప్పుడు కాస్త నీరు అక్కడ చేరుతుంది. ఇది కూడా మామూలే. అనుమానంగా ఉంటే ఆరు ఎనిమిది వారాల తర్వాత, నెలసరి ఆగిన వెంటనే మళ్లీ స్కాన్ చేస్తారు. అప్పటికి చాలావరకు పోయి ఉంటుంది.

"పుండు" గురించి గట్టిగా చెప్పాలి. ముఖద్వారం లోపలి గోడ ఎర్రగా, బయటి గోడ లేత గులాబీ రంగులో ఉంటుంది. ఈస్ట్రోజన్ ప్రభావంతో లోపలి ఎర్ర పొర కాస్త బయటికి పరుచుకుంటుంది. వయసులో ఉన్న ఆడవాళ్లలో ఇది సర్వసాధారణం. పరీక్షలో ఎర్రగా కనబడితే పాతకాలంలో ఎరోజన్ అని రాసేవాళ్లు, అదే జనం నోట్లో పుండు అయింది. దానంతట అది క్యాన్సర్ కాదు, క్యాన్సర్‌గా మారదు. అక్కడ క్యాన్సర్ భయం ఉందో లేదో చెప్పేది ముఖద్వారం కణాలు తీసి చూసే పాప్ స్మియర్, క్యాన్సర్ తెచ్చే వైరస్ ఉందేమో చూసే హెచ్‌పీవీ టెస్ట్, లేదా వెనిగర్ లాంటి ద్రావణం రాసి చూసే వీఐఏ. 30 దాటిన ప్రతి స్త్రీ చేయించుకోవాల్సినవే. ఆ పరీక్ష చేయకుండా క్యాన్సర్ మాట ఎత్తడం అన్యాయం.

దురద, విరిగిన పెరుగులాంటి తెల్లబట్ట చాలాసార్లు ఫంగస్ వల్ల వస్తుంది. చూసి నిర్ధారించి కొద్దిరోజుల మందు ఇస్తారు. షుగర్ కూడా చూస్తారు. దానికీ గర్భసంచి తీయడానికీ సంబంధమే లేదు.

అసలు సమస్య ఎక్కువ రక్తస్రావం. కారణం వెతకాలి: ముందు గర్భం లేదని చూసుకుని థైరాయిడ్, ఫైబ్రాయిడ్లు, పాలిప్ (లోపలి పొర మీద మొలిచే చిన్న కండ), ఎడినోమయోసిస్, అండం సరిగా విడుదల కాకపోవడం, రక్తం గడ్డకట్టడంలో లోపం. 45 దాటితే, లేదా బరువు ఎక్కువ, షుగర్ లాంటివి ఉంటే ముందే అయినా, పొర ముక్క తీసి పరీక్షిస్తారు. మందుల్లో నెలసరి రోజుల్లో వాడే ట్రానెక్సామిక్ యాసిడ్, మెఫెనమిక్ యాసిడ్, హార్మోన్ బిళ్లలు ఉన్నాయి. కాళ్లలో రక్తం గడ్డకట్టిన చరిత్ర ఉన్నవాళ్లకి ట్రానెక్సామిక్ ఇవ్వరు. కడుపులో పుండు, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకి మెఫెనమిక్ ఇవ్వరు. అందుకే షాపులో కొనుక్కుని వేసుకోవద్దు.

డల్లాస్_తెలుగమ్మాయి
మాది తెనాలి, ఇక్కడ స్థిరపడ్డాం. నాకు ఎడినోమయోసిస్. పడుకుని లేచేసరికి దుప్పటి దాకా తడిసిపోయేది. ఇక్కడి డాక్టర్ ఆపరేషన్ మాట ఎత్తకుండా లోపల హార్మోన్ లూప్ పెట్టింది. మొదటి కొన్ని నెలలు చుక్కలు చుక్కలుగా కనబడి విసుగొచ్చింది, తర్వాత నెలసరి నామమాత్రం అయిపోయింది. ఇండియాలో కూడా మిరేనా పేరుతో దొరుకుతుంది, అడిగి చూడండి.

గోదారి_పిన్ని
లూప్ పెడితే ఇంకా ఎక్కువ అవుతుందంటారు కదమ్మా? మా తోటికోడలికి అలాగే అయి తీయించేసింది.

గైనిక్_పీజీ
పిన్నిగారూ, ఆవిడకి పెట్టింది కాపర్ టీ అయ్యుంటుంది. రాగిది పెడితే కొందరికి రక్తస్రావం పెరుగుతుంది, నిజమే. హార్మోన్‌ది లీవోనార్‌జెస్ట్రెల్ మందుని గర్భసంచి లోపలే కొంచెం కొంచెం వదులుతుంది, పొర పెరగకుండా ఆపుతుంది. రూపం ఒకేలా ఉన్నా పని పూర్తిగా వేరు.

మహిళాసంఘం_ఒంగోలు
ఈ దారుణం మన రెండు రాష్ట్రాల్లోనే ఎక్కువ. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీసేసినవాళ్లు దేశం మొత్తం మీద 3 శాతం పైచిలుకు ఉంటే, ఆంధ్రలో 9 శాతానికి దగ్గర, తెలంగాణలో 8 శాతం పైన. అంటే దేశం సగటుకి రెండున్నర రెట్లు. మన ఆడవాళ్ల గర్భసంచులు మాత్రమే చెడిపోవు కదా.

గ్రూపు మీటింగుల్లో కూర్చుంటే కారణాలు వాటంతట అవే బయటపడతాయి. పాతికేళ్లు నిండకుండానే కు.ని. అయిపోతుంది, ఇక గర్భసంచితో పనేముంది అనుకుంటారు. చేలో బాత్రూం ఉండదు, ప్యాడ్ మార్చుకునే చాటు ఉండదు, ఒక రోజు మానేస్తే కూలి పోతుంది. తీసుకెళ్లిన మధ్యవర్తికి కమిషన్ ముడుతుంది. డ్వాక్రా లోను తెచ్చి ఆపరేషన్‌కి కట్టిన ఆడవాళ్లు నాకు తెలుసు. ఆ లోను తీర్చడానికి కుట్లు పచ్చిగా ఉండగానే మళ్లీ చేలోకి వెళ్తారు.

అవసరం లేని ఈ ఆపరేషన్లు ఆపడానికి కేంద్ర ఆరోగ్య శాఖ 2022లో మార్గదర్శకాలు ఇచ్చింది. 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు వాటిని రాష్ట్రాలన్నీ మూడు నెలల్లో అమలు చేయాలని చెప్పింది. కాబట్టి రెండో డాక్టర్‌ని అడగడం మర్యాద తక్కువ పని అని ఎవరూ అనుకోవద్దు. రిపోర్టులన్నీ మీవే, అడిగి తీసుకోండి.

ఇద్దరమ్మాయిల_అమ్మ
మధ్యలో అడుగుతున్నందుకు ఏమీ అనుకోకండి. మా పెద్దమ్మాయి 13 ఏళ్లు, పోయిన ఏడాది పెద్దమనిషి అయింది. ఒక నెల వస్తే ఇంకో నెల రావడం లేదు. పీసీఓడీ (అండాశయాల్లో నీటి తిత్తుల సమస్య) అంటున్నారు చుట్టాలు.

బయాలజీ_టీచర్
మొదటి రెండు మూడేళ్లు మెదడుకీ అండాశయాలకీ లంకె కుదురుకోవడానికి పడుతుందమ్మా. చాలా నెలలు అండమే విడుదల కాదు. ఆ వయసులో 21 నుంచి 45 రోజుల తేడా మామూలే. మూడు నెలలు దాటినా రాకపోతే, లేదా వస్తే వారం దాటి ఆగకపోతే చూపించండి. తేదీలు క్యాలెండర్ మీద రాసుకోవడం ఇప్పుడే అలవాటు చేయండి, ఏ డాక్టర్‌కైనా అంతకన్నా పనికొచ్చే కాగితం ఉండదు.

సిద్దిపేట_అన్న
చెల్లె అడిగిన దాంట్లోనే నా గోస కూడా ఉంది. మా ఆమెకు 31 ఏళ్లప్పుడు గర్భసంచి తీసిండ్రు. ఇప్పుడు 38. ఆపరేషన్ అయిన నెల నుంచే ఉన్నట్టుండి ఒళ్లంతా ఆవిరి కొట్టినట్టు చెమటలు, నిద్ర లేదు, కీళ్లు గుంజుడు. బీడీలు చుట్టేది, ఇప్పుడు కూర్చుంటే లేవలేకపోతున్నది. ఎవర్ని అడిగినా బలానికి మందులు రాస్తున్నరు. ఇది ఆ ఆపరేషన్ తోటి వచ్చిందేనా?

గైనిక్_పీజీ
అన్నా, ముందు డిశ్చార్జ్ కార్డు తీసి చూడండి. టీఏహెచ్ అని మాత్రమే ఉంటే గర్భసంచి ఒక్కటే తీశారు. పక్కన బీఎస్ఓ అని ఉంటే రెండు ట్యూబులు, రెండు అండాశయాలు కూడా తీశారు. మీరు చెప్పే లక్షణాలు, అదీ వెంటనే మొదలయ్యాయంటే, అండాశయాలు కూడా తీసి ఉండొచ్చు. ఈస్ట్రోజన్ ఒక్కసారిగా ఆగిపోతే అలాగే ఉంటుంది. యాభైకి దగ్గరపడ్డాక రావాల్సిన మెనోపాజ్ ముప్పైలోనే వచ్చినట్టు. చెమటలతో ఆగదు, ఎముకలు త్వరగా గుల్లబారతాయి, గుండెకి ఉన్న రక్షణ కూడా తగ్గుతుంది.

అండాశయాలు ఉంచినా, గర్భసంచి తీసినవాళ్లకి మెనోపాజ్ కాస్త ముందే వస్తుంది. పల్నాడు చెల్లి కూడా ఇది గమనించాలి: ఎప్పుడైనా ఆపరేషన్ తప్పకపోతే, సంతకం పెట్టే ముందు "అండాశయాలు ఉంచుతున్నారా" అని అడగాలి.

పల్నాడు_చెల్లి
అందరికీ చెప్పాలని వచ్చాను. గురువారం వెళ్లలేదు. బావకి ఈ చర్చ మొత్తం చదివి వినిపించాను, రిపోర్టు గురించి డాక్టర్ గారు రాసింది రెండోసారి చదవమన్నాడు. జిల్లా పెద్దాసుపత్రికి తీసుకెళ్లాం. పొద్దున్నే వెళ్తే మధ్యాహ్నం దాకా లైన్లో ఉన్నాం కానీ లోపల మేడమ్ ఓపిగ్గా చూశారు. వీఐఏ చేశారు, మామూలుగా ఉంది అన్నారు. థైరాయిడ్ టీఎస్‌హెచ్ 14 వచ్చింది, అది ఎక్కువట, నెలసరి ఎక్కువ కావడానికి అదొక కారణం కావచ్చు అన్నారు. థైరాయిడ్ బిళ్ల, ఫంగస్ మందు, ఐరన్, నెలసరి రోజులకి వేరే బిళ్లలు రాశారు. మూడు నెలలు చూసి మళ్లీ స్కాన్ చేస్తామన్నారు. దురద అప్పుడే తగ్గింది. మిగతాది ఇంకా చూడాలి.

ఓపీ_సిస్టర్_వరంగల్
చాలా సంతోషం చెల్లీ. థైరాయిడ్ బిళ్ల పరగడుపున నీళ్లతో. ఐరన్ బిళ్ల దానికి కనీసం నాలుగు గంటలు దూరంగా, రెండూ కలిపి వేసుకుంటే థైరాయిడ్ మందు ఒంటికి పట్టదు. ఐరన్ వేసుకున్నాక టీ వద్దు, నిమ్మరసం మంచిది. విరేచనం నల్లగా వస్తుంది, భయపడి మానేయొద్దని చెప్పు.

సిద్దిపేట_అన్న
ఇల్లంతా వెతికినం, కార్డు దొరకలే. అప్పటి ఆసుపత్రి కూడా మూతపడ్డది. ఇప్పుడు ఎట్ల తెలుసుడు?

గైనిక్_పీజీ
కార్డు లేకపోయినా ఫర్వాలేదన్నా. స్కానింగ్ చేస్తే అండాశయాలు ఉన్నాయో లేవో చాలావరకు తేలిపోతుంది, ఎఫ్‌ఎస్‌హెచ్ రక్తపరీక్ష కూడా చేస్తే పక్కా అవుతుంది. అండాశయాలు లేవని తేలితే బలం మందులతో గడపొద్దు. రొమ్ము క్యాన్సర్, కాలేయ జబ్బు, రక్తం గడ్డకట్టిన చరిత్ర లాంటివి లేవని చూసుకుని, ఇంత చిన్న వయసు వాళ్లకి యాభై దగ్గరపడేదాకా ఈస్ట్రోజన్ ఇస్తారు. గర్భసంచి లేదు కాబట్టి మామూలుగా ఈస్ట్రోజన్ ఒక్కటే సరిపోతుంది. ఎముకల బలం చూసే డెక్సా స్కాన్, విటమిన్ డి, కాల్షియం సంగతి కూడా అడగండి. హైదరాబాద్ రాగలిగితే కోఠి సుల్తాన్ బజార్‌లోనో, పేట్లబురుజులోనో ఉన్న ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రి గైనిక్ ఓపీలో చూపించొచ్చు. పొద్దున్నే రండి, పాత మందుల చీటీలు ఎన్ని దొరికితే అన్నీ తెండి.